బహిరంగ వైఫైలో ల్యాప్‌టాప్ ప్రవేశం: చారిత్రక పరిశీలన – కుందుర్పి నేపథ్యం

వ్యాససంగ్రహం:

రైల్వేస్టేషన్, గ్రంథాలయం, పంచాయతీ కార్యాలయం వంటి చోట్ల లభించే బహిరంగ వైఫైకి ల్యాప్‌టాప్ అనుసంధానం కానప్పుడు ఆ వైఫల్యాన్ని యంత్రలోపంగా భావించడం పరిపాటి. అయితే ఈ సమస్య వెనుక మూడు చరిత్రలున్నాయి. రేడియో తరంగాలకు లైసెన్సు తొలగించడం మొదటిది. భారతదేశంలో 2009 తర్వాత ఫోను నంబరు గుర్తింపుగా స్థిరపడడం రెండవది. వెబ్ పుటలు గుప్తీకరణలోకి మారడం మూడవది. అనంతపురం జిల్లా కరవుసీమలోని కుందుర్పి వంటి మండలకేంద్రంలో ఈ మూడింటిలో రెండవదాని భారమే ఎక్కువని, ఆ భారానికి చట్టం కంటే ఆచరణే ముఖ్యకారణమని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: బహిరంగ వైఫై, ల్యాప్‌టాప్, ప్రవేశపుట, ఓటీపీ, ఏపీ ఫైబర్‌నెట్, పీఎం-వాణి, కుందుర్పి.

1. ఉపోద్ఘాతం:

కుందుర్పి అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలకేంద్రం. కొండమీది దుర్గం వల్ల దానికి చరిత్రలో గుర్తింపు ఉంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పంట ఎండిన సంవత్సరాల్లో ఈ సీమ పల్లెల నుంచి బెంగళూరుకు వలస వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్న విషయం. ఇటువంటి చోట ఉద్యోగ దరఖాస్తు, ఉపకారవేతన నమోదు, ప్రవేశపరీక్ష రుసుము చెల్లింపు వంటి పనులు గడువులోగా అంతర్జాలంలోనే జరగాలి. పొడవైన దరఖాస్తు నింపడానికి, పత్రాలు జతచేయడానికి ఫోను తెర చాలదు. అందువల్ల ల్యాప్‌టాప్ అవసరమవుతుంది. అది బహిరంగ వైఫైకి కలవకపోతే గడువు దాటిపోతుంది, లేదా బాగున్న యంత్రాన్నే మరమ్మతుకు ఇచ్చి డబ్బు పోగొట్టుకోవలసి వస్తుంది.

సాంకేతిక గ్రంథాలు ఈ వైఫల్యాన్ని పరికరానికి, రూటరుకు మధ్య జరిగే వ్యవహారంగా మాత్రమే వర్ణిస్తాయి. కాని బహిరంగ వైఫైలో మూడవ పక్షం ఒకటి ఉంది. వాడుకరి ఎవరో తెలుసుకోవాలనుకునే వ్యవస్థ అది. ఆ వ్యవస్థ ఏర్పడిన తీరు తెలిస్తేనే లోపం ఎక్కడుందో నిర్ధారించడం సాధ్యమవుతుంది.

2. తరంగాల విముక్తి:

వైఫైకి మూలం ఒక పరిపాలనా నిర్ణయం. 1985లో అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ 2.4 గిగాహెర్ట్జ్ సహా కొన్ని తరంగ శ్రేణులను లైసెన్సు లేకుండా వాడుకునేందుకు అనుమతించింది. ఆ అవకాశం ఆధారంగా 1997లో 802.11 అనే ప్రమాణం వెలువడింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో వచ్చిన సవరణతో అది 11 మెగాబిట్లకు చేరింది. వైఫై అనే వ్యాపారనామం కూడా ఆ సంవత్సరానిదే. 2003లో ఇంటెల్ సంస్థ సెంట్రినో పేరుతో వైఫైని ల్యాప్‌టాప్‌లో అంతర్భాగం చేసింది. అప్పటి నుంచి తీగ లేకుండా అనుసంధానం కావడం ల్యాప్‌టాప్ సహజలక్షణంగా పరిగణన పొందింది.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణికి లైసెన్సు మినహాయింపు 2005 జనవరిలో పూర్తిస్థాయిలో లభించింది. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిని ఆరుబయట విస్తృతంగా వాడుకునే వెసులుబాటు 2018లో వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య ఉన్న దూరం నేటి సమస్యల్లో ఒకదానికి కారణం. 2.4 శ్రేణి ఎక్కువ దూరం వెళ్తుంది, కాని రద్దీగా ఉంటుంది. 5 శ్రేణి వేగవంతమైనది, కాని గోడలను సరిగా దాటలేదు. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మొదటి శ్రేణి మాత్రమే తెలుసు. కొత్త రూటరు రెండవ శ్రేణిలోనే ప్రసారం చేస్తుంటే ఆ నెట్‌వర్క్ పేరు ఇటువంటి ల్యాప్‌టాప్ తెరపై కనిపించదు. అదే గదిలో కొత్త ఫోనుకు కనిపిస్తుంది.

రహస్యపదాల పద్ధతిలోనూ తరాల అంతరం ఉంది. 1997 నాటి వెప్ పద్ధతి బలహీనతను 2001లో పరిశోధకులు బయటపెట్టారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మూడవ తరం పద్ధతిని మాత్రమే అంగీకరించే రూటరు దగ్గర పాత ల్యాప్‌టాప్‌లో సరైన రహస్యపదం ఇచ్చినా అనుసంధానం విఫలమవుతుంది.

3. గుర్తింపు నిబంధన – 2008 నుంచి 2011 వరకు:

తొలి దశలో బహిరంగ వైఫై నిజంగానే బహిరంగం. ఎవరి రూటరుకైనా తాళం లేకపోతే ఎవరైనా కలవగలిగేవారు. భారతదేశంలో ఈ దశ 2008లో ముగింపుకు వచ్చింది. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాదులో జరిగిన వరుస పేలుళ్లకు బాధ్యత ప్రకటించుకున్న ఈమెయిల్ నవీ ముంబయిలో తాళం లేని ఒక ఇంటి వైఫై ద్వారా వెళ్లినట్లు దర్యాప్తులో తేలింది. ఆ ఇంటి యజమానికి దానితో సంబంధం లేదు. పరాయి తరంగాన్ని వాడుకొని తప్పించుకోవడం ఎంత సులభమో ఈ ఘటన వెల్లడించింది.

2009 ఫిబ్రవరి 23న టెలికాం విభాగం అంతర్జాల సేవాసంస్థలకు ఆదేశాలు జారీచేసింది. బహిరంగ ప్రదేశంలో వైఫై వాడేవారికి తాత్కాలిక గుర్తింపు ఇవ్వాలని, అందుకు రెండు మార్గాలున్నాయని వాటిలో ఉంది. ఫోటో ఉన్న గుర్తింపుపత్రం నకలును ఏడాదిపాటు భద్రపరచడం ఒక మార్గం. వాడుకరి మొబైల్‌కు ఎస్ఎంఎస్ ద్వారా ప్రవేశవివరాలు పంపి, ఆ నంబరును ఏడాదిపాటు భద్రపరచడం రెండవ మార్గం. 2011 ఏప్రిల్‌లో వెలువడిన సైబర్‌కేఫ్ నియమాలు ఇదే ఆలోచనను అద్దె కంప్యూటర్లకు విస్తరించాయి. గుర్తింపుపత్రం చూడడం, దస్త్రంలో నమోదు చేయడం, ఏడాది దాచడం వాటి సారాంశం.

ఆచరణలో ఈ రెండు మార్గాలకు వేర్వేరు గతులు పట్టాయి. సైబర్‌కేఫ్‌లో కూర్చున్న మనిషి ఉన్నాడు కాబట్టి పత్రం చూసే మార్గం నిలిచింది. వైఫై దగ్గర మనిషి ఉండడు. నకలు తీసుకోవడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఎస్ఎంఎస్ మార్గమే సర్వత్రా స్థిరపడింది. ఓటీపీ అనేది వైఫైకి పర్యాయపదమైనంతగా మొదటి మార్గం మరుగునపడింది. చట్టం రెండు వాకిళ్లు పెడితే ఆచరణ ఒకదాన్ని మూసివేసిందని చెప్పవచ్చు. సిమ్ కార్డు లేని ల్యాప్‌టాప్ ఆనాటి నుంచి మరొకరి పూచీ మీద లోపలికి వచ్చే అతిథి అయింది.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ పోల్చదగినది. ఇటలీ 2005 జులైలో ఉగ్రవాద నిరోధక చట్టంలో భాగంగా బహిరంగ అంతర్జాలానికి గుర్తింపుపత్రం తప్పనిసరి చేసింది. బహిరంగ వైఫై విస్తరణకు అది ఆటంకమైందన్న విమర్శల మధ్య ఆ నిబంధన 2010 చివరితో తొలగింది. జర్మనీలో వైఫై యజమానిపై ఉన్న బాధ్యతను 2017లో చట్టసవరణ ద్వారా సడలించారు. భద్రతాకారణంతో పుట్టిన నిబంధనను అనుభవం తర్వాత పునఃపరిశీలించడం సాధ్యమేనని ఈ ఉదాహరణలు తెలియజేస్తాయి.

4. గుప్తీకరణ, ప్రవేశపుటల మధ్య వైరుధ్యం:

గుర్తింపు అడగడానికి బహిరంగ వైఫై ఎంచుకున్న సాధనం ప్రవేశపుట. వాడుకరి ఏ వెబ్‌సైట్ అడిగినా నెట్‌వర్క్ మధ్యలో ఆపి, దాని స్థానంలో తన పుటను చూపుతుంది. నంబరు, ఓటీపీ ఇచ్చిన తర్వాతే దారి వదులుతుంది. వెబ్ పుటలు గుప్తీకరణ లేకుండా ప్రయాణించిన కాలంలో ఈ మళ్లింపు సునాయాసంగా జరిగేది.

2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అనే చిన్న ఉపకరణం విడుదలైంది. తాళం లేని వైఫైలో పక్కన కూర్చున్నవారి ఫేస్‌బుక్ వంటి ఖాతాల్లోకి ఒక్క నొక్కుతో ప్రవేశించవచ్చని అది నిరూపించింది. బహిరంగ వైఫైలోని ఈ ప్రమాదం వెబ్ ప్రపంచాన్ని హెచ్‌టీటీపీఎస్ వైపు నడిపిన ముఖ్యకారణాల్లో ఒకటి. 2012లో వచ్చిన హెచ్ఎస్‌టీఎస్ ప్రమాణం గుప్తీకరణ లేని పుటను బ్రౌజరే నిరాకరించేటట్లు చేసింది. 2015 చివరలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచిత ధ్రువపత్రాలు ఇవ్వడం ప్రారంభించడంతో చిన్న వెబ్‌సైట్లు కూడా ఆ దారి పట్టాయి.

దీని పర్యవసానం ఆలోచించదగినది. బహిరంగ వైఫై వాడుకరిని కాపాడడానికి వచ్చిన గుప్తీకరణ అదే బహిరంగ వైఫై ప్రవేశపుటను అడ్డుకుంది. అడిగిన వెబ్‌సైట్ స్థానంలో మరొక పుట వస్తే నేటి బ్రౌజర్ దాన్ని మోసంగా పరిగణించి తెరవదు. అందుకే ‘అనుసంధానమైంది, అంతర్జాలం లేదు’ అనే స్థితి ల్యాప్‌టాప్‌లో తరచుగా ఎదురవుతుంది.

ఈ వైరుధ్యానికి పరిష్కారాలు రెండు దిశల్లో వచ్చాయి. నిర్వహణ వ్యవస్థలే ముందుగా గుప్తీకరణ లేని ఒక చిన్న పుటను అడిగి, జవాబు మారితే ప్రవేశపుట ఉందని గ్రహించడం ఒకటి. విండోస్ విస్టా కాలం నుంచి మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని పాటిస్తోంది. ప్రవేశపుట చిరునామాను నెట్‌వర్కే సూటిగా తెలియజేయడం రెండవది. ఇందుకు 2020 సెప్టెంబరులో ఆర్ఎఫ్‌సీ 8910 అనే ప్రమాణం వెలువడింది. ఆపిల్, ఆండ్రాయిడ్ వ్యవస్థలు వెంటనే దాన్ని స్వీకరించినా, రూటరు వైపు కూడా ఆ అమరిక ఉంటేనే ఫలితం కనిపిస్తుంది.

5. ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ అనుసంధానం:

ఆంధ్రప్రదేశ్‌లో సామాన్యుడికి కంప్యూటర్ సేవలు మొదట మనిషి ద్వారా అందాయి. 2001లో ప్రారంభమైన ఈసేవ కేంద్రాల్లోనూ, 2011 నవంబరు నుంచి మీసేవ కేంద్రాల్లోనూ యంత్రం, అనుసంధానం, నైపుణ్యం మూడూ నిర్వాహకుడివే. పౌరుడు పత్రం ఇచ్చి రసీదు తీసుకునేవాడు. అనుసంధానం తెగితే ఆ బాధ నిర్వాహకుడిదే.

బహిరంగ వైఫై ఈ సంబంధాన్ని తిరగవేసింది. 2016 జనవరిలో రైల్‌టెల్, గూగుల్ సంస్థలు ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో ఉచిత వైఫై ప్రారంభించాయి. కొద్ది నెలల్లోనే విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకు అది వచ్చింది. 2018 నాటికి 400 స్టేషన్లకు విస్తరించింది. ఇక్కడ యంత్రం ప్రయాణికుడిది. ద్వారం మాత్రం సంస్థది. లోపం వస్తే కనుక్కోవలసిన బాధ్యత ప్రయాణికుడి మీద పడింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌక అయింది. 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఈ కార్యక్రమం నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించినప్పుడు చూపిన కారణాల్లో అది ముఖ్యమైనది. స్టేషన్లలో సేవను రైల్‌టెల్ కొనసాగించింది.

గ్రామాల వైపు చూస్తే, పంచాయతీలను ఆప్టికల్ ఫైబర్‌తో కలిపే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తర్వాత అదే భారత్‌నెట్ అయింది. రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగే పద్ధతిని ఎంచుకుంది. తొలిదశ పొడవు సుమారు 23 వేల కిలోమీటర్లు. 2016 డిసెంబరులో నాటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామంలో దాని ప్రయోగం ఆవిష్కృతమైంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని జాతికి అంకితం చేశారు. ప్రారంభంలో నెలకు రూ.149కి టీవీ, ఫోను, అంతర్జాలం కలిపి ఇవ్వడం దాని విశిష్టతగా ఉండేది. స్తంభాల మీదుగా లాగిన తీగ తక్కువ ఖర్చుతో త్వరగా వస్తుంది. అయితే ఈదురుగాలికి, స్తంభం మార్పులకు, కింద వెళ్లే వాహనాల లోడుకు అది లోబడి ఉంటుంది.

2017 మార్చిలో ట్రాయ్ బహిరంగ వైఫై విస్తరణపై సిఫార్సులు చేసింది. వాటి ఫలితంగా 2020 డిసెంబరు 9న కేంద్రమంత్రివర్గం పీఎం-వాణి చట్రాన్ని ఆమోదించింది. దీని ప్రకారం కిరాణా కొట్టు, టీకొట్టు యజమాని కూడా లైసెన్సు, నమోదు రుసుము లేకుండా వైఫై అందించవచ్చు. ఒకసారి గుర్తింపు నిరూపించుకున్న వాడుకరి ఇతర కేంద్రాల్లోనూ ప్రవేశించే వీలు ఇందులో ఉంది. అయితే ఈ చట్రం ప్రధానంగా మొబైల్ యాప్ చుట్టూ అల్లుకున్నది. ఈ విధంగా స్టేషన్ ఓటీపీ, చౌక డేటా, పీఎం-వాణి యాప్ మూడూ ఫోను దగ్గరికే చేరాయి. ల్యాప్‌టాప్ అంచున మిగిలింది.

6. కుందుర్పి సీమలో సమస్య స్వరూపం:

నగరంలో ఓటీపీ ఒక చిన్న అసౌకర్యం. కుందుర్పి వంటి చోట అది ఆటంకంగా మారడానికి కారణాలు మూడు. మొదటిది భౌగోళికం. బండరాతి కొండలు, దూరదూరంగా ఉన్న ఊళ్లు గల పీఠభూమిలో టవరుకు కొండ అడ్డు వచ్చిన చోట మొబైల్ సంకేతం సన్నగిల్లుతుంది. వైఫై ఉన్న గదిలో ఫోను సంకేతం లేకపోతే ఓటీపీ రాదు. సంకేతం కోసం బయటికి వెళ్తే వైఫై అందదు, ఈలోగా ఓటీపీ గడువు తీరుతుంది. మొబైల్ సంకేతం లేనివారికే బహిరంగ వైఫై ఎక్కువ అవసరం. కాని ఆ సంకేతం ఉన్నవారికే అది తెరుచుకుంటుంది.

రెండవది సామాజికం. కుటుంబానికి ఒకే ఫోను ఉన్నప్పుడు అది వలసవెళ్లిన వ్యక్తితోపాటే బెంగళూరుకు పోతుంది. ఊళ్లో ఉన్న విద్యార్థి ల్యాప్‌టాప్‌కు రావలసిన ఓటీపీ పనిచోట ఉన్న తండ్రి ఫోనుకు చేరుతుంది. అతడు పనిలో ఉండి చూసుకోకపోతే ప్రవేశం లేదు. మూడవది భాష. ఈ సరిహద్దుసీమలో తెలుగు, కన్నడం రెండూ వ్యవహారంలో ఉన్నాయి. ప్రవేశపుటలు మాత్రం తరచుగా ఇంగ్లీషులో ఉంటాయి. పుట తెరుచుకున్నా, దానిలో ఏ గడి నింపాలో, ఏ షరతు అంగీకరించాలో తెలియక ఆగిపోయే అవకాశం ఉంది.

7. లోపనిర్ధారణ క్రమం:

మెట్టసీమలో కుళాయికి నీరు రానప్పుడు ఎవరూ ముందుగా కుళాయిని ఊడదీయరు. పక్కింటి కుళాయిలో నీళ్లు వస్తున్నాయేమో చూస్తారు. ఆ తర్వాత వాల్వు, ఓవర్‌హెడ్ ట్యాంకు, బోరు మోటారు, కరెంటు వరుసగా పరిశీలిస్తారు. బహిరంగ వైఫై విషయంలోనూ ఈ క్రమమే శాస్త్రీయం.

పక్కింటి కుళాయికి సమానమైనది అదే నెట్‌వర్క్‌లో ఉన్న మరొక పరికరం. మొబైల్ డేటా ఆపిన ఫోనులో కూడా ఆ వైఫై పనిచేయకపోతే లోపం రూటరులోనో, స్తంభాల మీది ఫైబరులోనో ఉంది. ల్యాప్‌టాప్‌ను తాకనవసరం లేదు. ఫోనులో పనిచేసి ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ పేరే కనిపించకపోతే వైఫై మీట, ఎయిర్‌ప్లేన్ మోడ్, తరంగశ్రేణి అంతరం చూడాలి. పేరు కనిపించి రహస్యపదం దగ్గర ఆగితే, పాత వివరాలను ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలపాలి. అప్పటికీ కుదరకపోతే రెండవ విభాగంలో చెప్పిన తరాల అంతరాన్ని అనుమానించాలి.

కలిసిన తర్వాత ఐపీ చిరునామా చూడాలి. 1993లో రూపొందిన డీహెచ్‌సీపీ పద్ధతిలో రూటరు ప్రతి పరికరానికీ తాత్కాలిక చిరునామా ఇస్తుంది. ల్యాప్‌టాప్ చిరునామా 169.254తో మొదలైతే రూటరు నుంచి ఏదీ అందలేదని, యంత్రమే తనకు తాను పెట్టుకుందని అర్థం. సాధారణ అమరికలో చిన్న రూటరు దగ్గర సుమారు 250 చిరునామాలే ఉంటాయి. రద్దీ చోట అవి అయిపోవచ్చు. కొంతసేపు ఆగి మళ్లీ కలపడమే దీనికి మందు.

చిరునామా సరిగా ఉండి పుటలు తెరుచుకోకపోతే ప్రవేశపుట అడ్డుపడిందని భావించాలి. వీపీఎన్ ఆపాలి. చేతితో పెట్టిన డీఎన్ఎస్ అమరిక ఉంటే దాన్ని స్వయంచాలక స్థితికి మార్చాలి. పరాయి డీఎన్ఎస్‌ను అడిగే యంత్రానికి స్థానిక ద్వారం కనిపించదు. ఆ తర్వాత నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ వంటి గుప్తీకరణ లేని పుటను అడిగితే ప్రవేశపుట బయటపడుతుంది. తేదీ, సమయం కూడా చూడాలి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత ల్యాప్‌టాప్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ధ్రువపత్రాలన్నీ చెల్లనివిగా కనిపించి ఏ పుటా తెరుచుకోదు.

నిన్న పనిచేసి నేడు మళ్లీ నంబరు అడిగితే హార్డ్‌వేర్ చిరునామా మారిందేమో చూడాలి. వాడుకరి ఆచూకీ తెలియకుండా ఉండేందుకు ఈ చిరునామాను మార్చే సౌకర్యం విండోస్ 10లో ఉంది. ద్వారం ఆ చిరునామాతోనే యంత్రాన్ని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అది మారితే పాత అతిథి కొత్తవాడవుతాడు. ఇవన్నీ దాటి, పుట వచ్చి, ఓటీపీ ఒక్కటే రాకపోతే లోపం యంత్రంలో లేదు. అది 2009 నాటి నిబంధనకు ఆచరణ ఇచ్చిన రూపంలో ఉంది. దాన్ని ఏ మరమ్మతు దుకాణమూ సరిచేయలేదు.

8. ఉపసంహారం:

బహిరంగ వైఫైకి ల్యాప్‌టాప్ కలవకపోవడంలో యంత్రలోపం పాలు పరిమితమని, తరంగం, గుర్తింపు, గుప్తీకరణ అనే మూడు చరిత్రల కూడలిలో ఈ సమస్య పుట్టిందని పై పరిశీలన వల్ల స్పష్టమవుతోంది. మొదటిది కొత్త పరికరాల రాకతో క్రమంగా తగ్గుతుంది. మూడవదానికి 2020 నాటి ప్రమాణం మార్గం చూపింది. రెండవది మాత్రం ఎవరైనా పూనుకుంటే తప్ప మారదు.

పూనుకోవడానికి కొత్త సాంకేతికత అవసరం లేదు. 2009 ఆదేశంలో ఎస్ఎంఎస్‌తో సమానస్థానంలో గుర్తింపుపత్రం మార్గం కూడా ఉంది. వైఫై దగ్గర మనిషి లేడన్న కారణంతో అది మూలపడింది. గ్రంథాలయంలో గ్రంథపాలకుడు, గ్రామ సచివాలయంలో ఉద్యోగి ఉన్నారు. పత్రం చూసి, నమోదు చేసి, ఒక రోజుకు చెల్లే ప్రవేశచీటీ ఇచ్చే ఏర్పాటు అక్కడ సాధ్యం. దానితోపాటు ప్రవేశక్రమాన్ని తెలుగులోనూ, సరిహద్దు మండలాల్లో కన్నడంలోనూ గోడమీద రాసిపెడితే సగం సందేహాలు అక్కడే తీరుతాయి. ఫోను లేని విద్యార్థికి కుందుర్పిలో బహిరంగ వైఫై అనే మాట అప్పుడే అర్థవంతమవుతుంది.